బావగారి అలర్టులు

ఫోను మళ్లీ మోగింది. ముందుగదిలో ఉన్న బావ దాన్ని అందుకునేలోపే పడకగది తలుపు తెరుచుకుంది.

"విన్నావుగా?" అంది అక్క, తమ్ముడి వైపు చూసి. "కన్ను అంటుకుంటుందో లేదో, టింగుమంటుంది. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చినదాన్ని. నిన్న మందు సీసా మీద పేరు మళ్లీ మళ్లీ చదివితే గానీ బుర్రకెక్కలేదు. ఇలాగే ఉంటే ఏ రోగి ప్రాణం మీదికో తెస్తాను. నువ్వు చేసే ఉద్యోగం ఇదేగా. ఆ అలర్టులేవో మీ బావకి కాస్త సరిగ్గా పెట్టివ్వు."

తలుపు వేసేసుకుంది. వేసిన తీరులో కోపం కంటే అలసటే ఎక్కువ.

తమ్ముడికీ ఓపిక లేదు. షేర్ల బ్రోకరు ఆఫీసులో అతని పని, ఖాతాదార్ల ఫోన్లలో అలర్టులు పెట్టివ్వడం. ఏ షేరు ఎక్కడికి చేరితే ఫోను మోగాలో ఎవరి పద్ధతికి తగ్గట్టు వాళ్లకి కుదర్చాలి. నిమిషాల్లో కొని అమ్మేసేవాడికి ఒక రకం, వారాల తరబడి పట్టుకు కూచునేవాడికి ఇంకో రకం. మనిషి టీ తాగే తీరు చూస్తే చాలు, ఏ రకం నప్పుతుందో చెప్పేస్తానని అతని గొప్ప. ఒంట్లో నలతగా ఉందని సెలవు పెడితే, అక్క రమ్మని పిలిచింది; ఇక్కడా అదే గోల తగులుకుంది.

"బావా, నీది నిమిషాల బేరం కాదు," అన్నాడు. "నీ టీ చూడు, మీగడ కట్టేసింది. ఇంత నిదానస్తుడికి రోజుకొక్కటి చాలు. సాయంత్రం మార్కెట్ మూసే ముందు మోగుతుంది."

"రోజుకొకటా? కుదరదు. ఐదు నిమిషాలకొకటి ఉండాలి."

"ఐదు నిమిషాల్లో ధర అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఊగినప్పుడల్లా మోగితే అలర్టు కాదు, పసిపిల్లల గిలక్కాయ."

"పోనీ పదిహేనుకి పెట్టు."

"గంటకి."

"అరగంటకి చెయ్యి. నీకు పుణ్యముంటుంది."

వంకాయల బేరం కూడా ఇంత గీచిగీచి ఎవరూ ఆడరు. తమ్ముడు ఇంకో దారి పట్టాడు.

"పోనీ, ధర గత కొన్ని రోజుల సగటు గీతని దాటినప్పుడే మోగేట్టు పెడతాను. పైకి దాటితే కొనుక్కో, కిందికి దాటితే అమ్ముకో. మధ్యలో నోరెత్తదు."

"మధ్యలో కూడా ఎత్తాలి."

"ఎందుకు?"

బావ కుర్చీ మీద ఆరేసిన అక్క యూనిఫాం ముడతలు సరిచేస్తూ కూచున్నాడు.

"సరే, చేతిలో ఏయే షేర్లున్నాయో చూపించు. వాటికుంచి తక్కినవన్నీ పీకేస్తాను. అక్క కాస్త పడుకుంటుంది."

బావ ఫోను బోర్లించి పెట్టాడు. పడకగది తలుపు వైపు ఒకసారి చూశాడు.

"ఏం లేవురా," అన్నాడు మెల్లిగా.

"ఏం లేవంటే?"

"షేర్లూ లేవు, డబ్బూ లేదు. వానలు మొదలైనప్పుడే అంతా ఊడ్చుకుపోయింది. ఇప్పుడు చలికాలం కూడా వెళ్లిపోతోంది. అలర్టు మోగడానికి ఖాతాలో డబ్బుండక్కర్లేదుగా."

అలర్టుల సంగతి తమ్ముడికి తెలియనిది కాదు. ఇలా వాడుకోవచ్చని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

"అక్కకేం చెబుతున్నావు మరి?"

"వచ్చిన లాభం వచ్చినట్టే మళ్లీ పెట్టుబడిలో వేస్తున్నానని. ఇది మోగకపోతే ఈ ఇంట్లో నాకు పనేముంది? మీ అక్క నిద్ర చెడుతోందని నాకు తెలీదనుకున్నావా? మోగినప్పుడల్లా నా ప్రాణం చివుక్కుమంటుంది. కానీ ఒక్క పూట ఊరుకుంటే, 'ఇవాళ పని లేదా' అని అడుగుతుంది. ఏమని చెప్పను?"

తమ్ముడికి జాలేసింది, కోపమూ వచ్చింది. రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకునే ఓపిక లేక ఫోను చేతిలోకి తీసుకున్నాడు. గంటకొక్కసారి, అదీ బాగా సన్నగా మోగేట్టు మార్చి ఇచ్చాడు. రకరకాల వ్యాపారులకి అలర్టులు కుదిర్చాడు గానీ, వ్యాపారమే లేనివాడికి కుదర్చడం ఇదే మొదలు.

"అక్కకి చెప్పకు," అన్నాడు బావ. చల్లారిన టీ పట్టుకుని, కొత్తగా పెట్టి తెస్తానని వంటింట్లోకి వెళ్లాడు.

తమ్ముడు పడకగదిలోకి వెళ్లాడు. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. ఆ చీకట్లో అక్క కళ్లు తెరుచుకునే పడుకుంది.

"పూర్తిగా ఆపడం కుదర్లేదక్కా," అన్నాడు తమ్ముడు. "ఎంతైనా బావకి అదే పని కదా. గంటకొకసారి మెల్లిగా మోగుతుంది. సర్దుకో."

అక్క వంటింట్లో గిన్నె చప్పుడు వినబడ్డాక గొంతు తగ్గించి అడిగింది.

"నీతో చెప్పాడా?"

"ఏం చెప్పాలి?"

"నాతో చెప్పలేకపోతున్నాడురా. నీతోనైనా చెప్పుకుంటే మనిషి కాస్త తేలికపడతాడని పిలిపించాను."

అక్క దిండు కింద నుంచి తన ఫోను తీసి అతని చేతిలో పెట్టింది.

"ఖాతా నా పేరు మీద ఉంది. కొన్నా, అమ్మినా మెసేజ్ దీనికే రావాలి. వానలు మొదలైనప్పట్నుంచీ ఇది ఒక్కసారి మోగితే ఒట్టు."