వెనకగదికి వైఫై

గేటు చప్పుడైతే కోడలు పరుగులాంటి నడకతో వెళ్ళింది.

బయట యాభై దాటిన మనిషి. చొక్కా జేబులో పెన్ను. చేతులు ఖాళీ.

"మూడు రోజులుగా ఇదిగో వస్తున్నాం, అదిగో వస్తున్నాం అంటున్నారు మీ వైఫై ఆఫీసువాళ్ళు. తీరా ఇలా ఖాళీ చేతులతోనా?"

అతను ఏదో చెప్పబోయాడు.

"ముందు పని చూడండి. కబుర్లు తర్వాత," అంటూ ఆమె లోపలికి దారి తీసింది.

నిజానికి ఆమెది నోటిదురుసు కాదు. గడువు ముంచుకొస్తున్న మనిషి కంగారు.

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇళ్ళ ప్లాన్లు గీస్తారు. ముందుగదే ఆఫీసు. గీసిన ప్రతి గీతా మోడెం పక్కనున్న హార్డ్‌డిస్కు పెట్టెలో ఉంటుంది. వైఫై మీద ఇద్దరూ ఆ ఒక్క పెట్టెనే తెరిచి పని చేస్తారు.

అత్తగారు ఉండేది వెనకగదిలో. మధ్యలో వంటిల్లు, రెండు లావుపాటి గోడలు.

పోయినవారం ఆవిడ ఎవరినీ పిలవకుండా మంచం దిగి, పడింది. అప్పట్నుంచీ పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఉంటే, ఆ గదికి వైఫై రాక పెట్టె అందదు. ఫైలు కాపీ చేసుకుని గీద్దామని కూడా చూశారు. చెరొక కాపీ దిద్దుకుని, ఒకే ఇంటికి రెండు చోట్ల మెట్లు పెట్టారు.

"అమ్మని వృద్ధుల హోమ్‌లో చేర్చేద్దాం. వాళ్ళతో మాట్లాడాను," అన్నాడు భర్త, గోడవైపు చూస్తూ.

ఆమె నెలాఖరు దాకా ఆగమంది. ఇంకా రెండు రోజులే మిగిలాయి.

వచ్చినతను వెనకగదిలో నిలబడి చుట్టూ చూశాడు. మంచం, కిటికీ, స్నానాలగది గుమ్మం, అన్నీ. అత్తగారి తలవైపు ప్లగ్గులో ఎర్రగా మినుక్కుమంటున్న చిన్న డబ్బాని చివర్లో చూశాడు. సిగ్నల్ దూరం వెళ్ళడానికి ఆమె కొనుక్కొచ్చిన ఎక్స్‌టెండర్ అది.

"దీన్ని ఇక్కడెందుకు పెట్టారమ్మా?"

"సిగ్నల్ రానిది ఇక్కడే కాబట్టి."

అతను నవ్వలేదు. "ముందు దానికి వినబడాలి కదమ్మా, మనకి చెప్పాలంటే. సగం దారిలో పెడదాం."

డబ్బా వంటింటి అలమర మీదికి మారింది. అతను ఫోను పట్టుకుని అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి, డబ్బాని జానెడు పక్కకి జరిపాడు. ఎర్రదీపం పచ్చబడింది.

ఇంటర్నెట్ వచ్చింది. పెట్టె మాత్రం కనబడలేదు.

ఆమె మొహం వాడిపోయింది. ఇంతకన్నా అసలు ఇంటర్నెట్ రాకపోయినా బాగుండేదనిపించింది.

అతను ఆమె లాప్‌టాప్ తీసుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వేళ్ళు పని చేస్తుంటే నోరు అత్తగారితో మాట్లాడుతోంది. నిద్ర పడుతోందా, లేవడానికి ఎవరు చెయ్యిస్తారు, మోకాలి నొప్పి ఏ వేళకి ఎక్కువ, ఇలాంటివి. మధ్యలో లేచి, జారిపోయిన దిండుని ఆవిడ నడుం కిందికి సర్దాడు.

"మీరు వైఫైకి వచ్చారా, పరామర్శకా?" అంది కోడలు.

"ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ గీస్తుంది నాయనా," అంది అత్తగారు, "నా మంచం ఎక్కడ వెయ్యాలో మాత్రం ఇంట్లో ఇంకా తేల్చుకోలేదు."

కోడలు తల తిప్పేసుకుంది.

ఎన్నేళ్ళుగా చేస్తున్నారీ పని అని మాట మార్చడానికి అడిగింది. తమ దగ్గర మనుషులు తక్కువనీ, ఏ పనైనా నేర్చుకోక తప్పలేదనీ అతను చెప్పాడు. తర్వాత తెర ఆమెవైపు తిప్పాడు.

"డబ్బాని గెస్టుల లైనుకి కలిపారమ్మా."

ప్లాన్ల కోసం ఇంటికొచ్చే పార్టీలకి ఇచ్చే పాస్‌వర్డ్ అది. ఇంట్లో అందరికీ గుర్తుండేదీ అదే.

"వచ్చిపోయేవాళ్ళకి ఇంటర్నెట్ ఇస్తుంది గానీ, ఇంట్లో సామాను చూపించదు. ఈ గదిని ఇంటివాళ్ళ లైనులోకి తేవాలి."

తెచ్చాడు. పెట్టె కనబడింది. ఫైళ్ళు వరసగా తెరుచుకున్నాయి.

ఆమె ఒక ప్లాన్‌లో కిటికీని ఎడమకి జరిపి, ముందుగదిలోకి వెళ్ళి చూసింది. అక్కడా కిటికీ జరిగే ఉంది.

తిరిగొచ్చి మంచాన్ని ఆనుకుని నేలమీద కూర్చుంది. మూడు రోజులుగా ఆగిన పనిమీద పడింది. అత్తగారి చెయ్యి ఆమె భుజం మీద వాలింది. అలాగే ఉంచుకుంది.

"ఇక ఇక్కడే కూర్చుని చేసుకుంటారా అమ్మా పని?" అడిగాడు అతను.

"మరింకెక్కడ కూర్చుంటాను?"

అతను కాసేపు ఆ ఇద్దరినీ చూశాడు. వెళ్ళొస్తానన్నాడు.

"గేటు వేసి వెళ్ళండి," అంది, తలెత్తకుండానే.

సాయంత్రం నాలుగింటికి వైఫై ఆఫీసు నుంచి ఫోను. తమ మనిషికి ఒంట్లో బాగాలేదనీ, ఇవాళ రాలేకపోయాడనీ, రేపు తప్పకుండా పంపుతామనీ.

ఆమె ఫోను పెట్టేసి అత్తగారివైపు తిరిగింది.

"పొద్దున వచ్చింది ఎవరత్తయ్యా?"

"నన్నడుగుతావేం? చెయ్యి పట్టుకున్నట్టు లోపలికి తెచ్చింది నువ్వు."

పేరడగలేదు. కూర్చోమనలేదు. గ్లాసుడు మంచినీళ్ళయినా ఇవ్వలేదు. వీధి చివరిదాకా వెళ్ళి చూసింది. ఏం లాభం, అప్పటికి ఎన్ని గంటలయిందో.

చీకటి పడుతుండగా సైటు నుంచి భర్త వచ్చాడు. చెప్పులు విప్పకుండా వెనకగది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"హోమ్ నడిపే ఆయన ఫోన్ చేశారు," అన్నాడు మెల్లగా. "ఎవరిని చేర్చుకోవాలన్నా ముందు ఆయనే ఇంటికెళ్ళి మనిషిని చూసుకుంటారట. ఈ వారంలో వస్తానని నాతో ముందే అన్నారు. నీకు చెప్పడానికి నోరు రాలేదు నాకు."

ఆమె చేతిలో పని ఆగిపోయింది.

"పొద్దున వచ్చి అంతా చూసి వెళ్ళారట, అమ్మ పక్కన ఇంట్లోనే మనిషి కూర్చుని ఉంది కాబట్టి ఆవిడకని ఉంచిన మంచం ఎవరూ లేనివాళ్ళకి ఇచ్చేశామన్నారు."