నర్సమ్మ చేతిలో పట్టీ

మతి చెదిరి వచ్చినవాళ్ల చేతులు మంచానికి కట్టడం వాళ్ల మంచికా, మన వీలుకా? ఎమర్జెన్సీ వార్డు నర్సమ్మకు ఇది ఏళ్ల నాటి సందేహం. రోజూ దేవుణ్ణి అడిగేది, వచ్చి మళ్లీ కట్టేది.

ఇవాళా కాళ్లీడ్చుకుంటూ వచ్చి చేతులు కట్టే పట్టీ బయటికి తీసేసరికి, మంచం మీది పెద్దాయన తనే చేతులు చాపాడు.

"కట్టమ్మా. పోయినేడూ నువ్వేగా."

"గుర్తున్నానా బాబాయ్?"

"రెండు నిమిషాల్లో వచ్చి విప్పుతానని పోయావు. సాయంత్రం దాకా రాలేదు. పిచ్చి ముదిరి అరుస్తున్నానని సూది పొడిచారు. అరవలేదమ్మా, నిన్ను పిలిచాను."

నర్సమ్మ పట్టీని జేబులో కుక్కి, స్టూలు లాక్కుంది.

"సిస్టర్, అవతల ఇంకా ముగ్గురున్నారు," అన్నాడు డాక్టరు.

"వస్తాను సార్. ఈయనకు రెండు నిమిషాలు బాకీ ఉన్నాను," అంటూ కూర్చుంది.

పెద్దాయన చాపిన చేతులు మెల్లగా ఒళ్లోకి తీసుకున్నాడు.