మొహం కొలత

"ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టండి," అంది కాజాలు కుట్టే భార్య.

టైలరు నవ్వాడు. "అప్పుడే చూపు తగ్గిందా?"

ఆమె చేతులు చాపింది. వాచిన వేళ్ళు ముడుచుకోవడం లేదు.

"కీళ్ళకిచ్చిన స్టెరాయిడ్ మాత్రలు వేసుకోవడం లేదూ?"

"మానేశాను. వాటితోనే కదా మొహం ఉబ్బింది. ఇప్పుడు బాగున్నానని మీరే అన్నారుగా."

ఆ ఉబ్బిన మొహం చూసే, అప్పట్లో ఒకరోజు కొట్లో అందరి ముందూ అతను, "మా ఆవిడ మొహానికీ కొత్త కొలతలు తీయాలి," అన్నాడు. అందరికంటే ఆమే ఎక్కువ నవ్వింది.

ఇంతలో, ఆ రోజు ఆ మాట విన్నాయనే చొక్కా కోసం వచ్చి ఆమెను చూశాడు.

"ఏం మాస్టారూ, ఈసారి మొహం కొలత తగ్గించాలా?"

ఆమె చేతులు గుడ్డ కింద దాచుకుని, ఆ రోజులాగే నవ్వింది.

దారం ఎక్కినా టైలరు సూది మీంచి తలెత్తలేదు.