కోట తీసేసి ఊరు పెట్టిన లెక్క

స్పెయిన్ సైన్యం మా ఊరిని చుట్టుముట్టి అయిదో నెల. అయినా బడి నడుపుతూనే ఉన్నాను. ఆ ఉదయం పిల్లల లెక్కల పుస్తకంలోంచే చదివాను: కోటలో ఎనిమిది వందల మందికి ముప్పై రోజుల తిండి ఉంది. ఇంకో నాలుగు వందల మంది వచ్చి చేరితే ఎన్నాళ్లొస్తుంది?

పుస్తకంలో జవాబు ఇరవై. హిల్లెకా పలక మీద ఆరు ఉంది.

“ఇదేమిటే?”

“కోట తీసేసి మన ఊరు పెట్టాను మాస్టారూ. ధాన్యం కొట్టుకి కాపలా మా నాన్నే కదా. ఎన్ని బస్తాలున్నాయో అమ్మతో చెబుతుంటే విన్నాను.” ఆ పిల్ల పలక నా చేతికిచ్చింది. “నిజంగా ఆరు రోజులేనా?”

పైనుంచి కిందికి సరిచూశాను. కిందినుంచి పైకి సరిచూశాను. రెండుసార్లూ ఆరే వచ్చింది.

“తప్పు,” అంటూ తడిగుడ్డతో చెరిపేశాను. “భాగహారంలో తప్పావు. తిండి ఇంకా బోలెడు రోజులొస్తుంది.”

“అమ్మయ్య! ఎంత భయపడ్డానో!”

నవ్వేస్తూ గౌను జేబులోంచి నాలుగు రొట్టెముక్కలు తీసింది. నాన్న మాట విన్నప్పటినుంచీ తన వంతులో సగం దాచుకుంటోందట.

“ఇక దాచక్కర్లేదుగా! మీరూ ఒకటి తీసుకోండి మాస్టారూ.”

తీసుకున్నాను. తినేశాను కూడా.