దారి అడిగినవాడు

గోడ దూకి పెరట్లోకి దిగిన ముసలివాణ్ణి చూసి శ్రేయ కెవ్వున అరిచింది.

రంజిత్ నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు.

తలకు తువ్వాల, మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచె, చేతిలో తనకన్నా పొడుగైన ఇనుప రాడు. మళ్లీ వీడే!

"ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు? ఇది ఇల్లనుకున్నవా, బస్టాండ్ అనుకున్నవా?"

"జర దారి ఇయ్యి సారూ. కుంటకట్ట కాడ పనుంది. మబ్బు సూడు, ఎట్ల కమ్ముకొస్తందో."

రంజిత్‌కు ఒళ్లు మండిపోయింది. రెండేళ్లలో ఇది నాలుగోసారి. వాన పడేలా ఉంటే చాలు, వీడు తయారు!

రోజూ రైల్లో హైదరాబాద్ ఉద్యోగానికి పోయి రావచ్చు, కూతురు హర్షిణి మట్టిలో ఆడుకోవచ్చు అని ఏరికోరి జనగామ శివారులో ఇల్లు కట్టుకున్నాడు. "కుంట పక్కన ఇల్లేంది బిడ్డా, టౌన్లనే ఉందాం" అని తల్లి కౌసల్య మొత్తుకున్నా వినలేదు.

కొన్నప్పుడు ప్లాటుకు అడ్డంగా ఓ కాలిబాట ఉండేది. ఎవరు నడుస్తారని శ్రేయ అడిగింది కూడా.

"ఎవ్వరు నడువరు మేడం. గోడ పెడితే అదే బందైతది" అన్నాడు ప్లాట్లు అమ్మే లక్ష్మీకాంత్.

గోడ పెట్టారు. బాట బందయింది. ముసలివాడు మాత్రం బందు కాలేదు.

గృహప్రవేశం నాడే వచ్చి చేతులు జోడించాడు. "రోజూ రాను సారూ. వానలప్పుడే. చిన్న తలుపంత జాగ ఇడువుండ్రి."

లక్ష్మీకాంత్ రంజిత్ చెవి కొరికాడు. "ఇయ్యాల దారి అంటడు, రేపు జాగనే నాదంటడు. కబ్జాగాళ్ల తీరే గంత."

ఏకై వచ్చి మేకై కూర్చునేవాళ్లను రంజిత్ చాలామందిని చూశాడు. తలుపు కాదు కదా, కిటికీ కూడా పెట్టనివ్వలేదు ఆ గోడకు.

"అవతలి దిక్కు నుంచి తిరిగి పోరాదూ?" అన్నాడిప్పుడు, బ్రష్షు విసిరికొట్టి.

"పైన రాత్రే వాన పడ్డది, అటు వాగు దాటనియ్యది సారూ."

"వానల కట్ట మీద నీకేం పనిరా? చేపలెత్తుకపోతానికా?"

"చేపలు కాదు సారూ, గా..."

"నోర్ముయ్!"

"పెద్దమనిషిని పట్టుకొని రా అంటవేందిరా? ఏమంటడో ఇను ముందు" అంది కౌసల్య, లోపలి నుంచి వచ్చి.

"నువ్వూకో అమ్మా. నీ మంచితనమే కొంప ముంచుతది."

ముసలివాడి చేయి పట్టుకుని వదలకుండానే ఠాణాకు ఫోన్ చేశాడు. అరగంటలో జీపు వచ్చింది.

"ఈ రాడేంది?" అన్నాడు కానిస్టేబుల్.

"దాంతోనే సార్, నా భార్యను బెదిరించిండు."

శ్రేయ గిర్రున తిరిగి భర్త వైపు చూసింది. రంజిత్ ఆ చూపు తప్పించుకున్నాడు. కోపం మీదున్నప్పుడు అబద్ధం ఎంత సులువుగా వస్తుందో!

"బెదిరియ్యలే సారూ. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు ముసలివాడు. "ఒక్క గంట ఇడువుండ్రి. పని జేసుకొని నా అంతట నేనే ఠాణకొస్త. వాన గంట సేపు ఆగది సారూ..."

జీపు తలుపు మూసుకుంది. రాడు పొడుగు ఎక్కువై కొస బయటికే ఉండిపోయింది.

"పీడ విరగడైంది" అని రంజిత్ ఉప్మా రెండోసారి వడ్డించుకుని తిన్నాడు.

పది గంటలకు వాన అందుకుంది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు ఒకటే కురిసింది.

మూడింటికి కుంట నీళ్లు పెరటి గోడను తాకాయి. రెండు వానాకాలాలు గడిచినా అంత దగ్గరికి ఎన్నడూ రాలేదు. నాలుగింటికి గోడ కూలింది. వంటింట్లో బియ్యం డబ్బా, హర్షిణి స్కూలు బ్యాగు పక్కపక్కన తేలాయి. నడుముల్లోతు నీళ్లలో రంజిత్ తల్లిని వీపున మోసుకుని రోడ్డెక్కాడు. వెనకాల పాపను ఎత్తుకుని శ్రేయ.

తెల్లారేసరికి కుంటకట్ట తెగింది. కింద తండావాళ్ల వరిపొలాలన్నీ ఇసుక మేటలయ్యాయి.

తెగిన కట్ట దగ్గర జనం మూగారు. నిన్నటి తడిబట్టల్లోనే రంజిత్ అక్కడికొచ్చి పడ్డాడు. కట్టిన ఇల్లు బురదగుంట అయింది. ఎవడో ఒకణ్ణి నమిలి మింగితే తప్ప చల్లారేలా లేడు.

"కుంట గంత నిండుతుంటే తూము తీసి నీళ్లు ఇడిసేటోడు లేడా మీ ఊర్ల?"

ఒకాయన ముఖం తిప్పుకుని తెగిన కట్ట వైపు నడిచాడు.

"రెండేండ్లు రాని నీళ్లు నిన్ననే ఎట్ల వచ్చినయ్? తూము తీసేటోడు తాగి పండిండా?"

"రెండేండ్లు నీళ్లు రాలేదంటే ఆయన తీసిండు గనకనే సారూ" అంది తండా రుక్కి. మునిగిన పొలం నుంచి వచ్చింది, మోకాళ్ల దాకా బురద. "నిన్న పగలంతా దేవులాడినం. దొరకలే."

"పేరు చెప్పు వానిది! ఇప్పుడే పోయి కంప్లైంట్ ఇస్త. జైల్ల పెట్టిస్త!"

రుక్కి అతణ్ణి కింది నుంచి పై దాకా చూసింది.

"మల్లెందుకు సారూ, నిన్న ఇచ్చింది సాలదా... మా నీరటి ఎల్లస్వామి, ఆయన తూము తిప్పే రాడు, రెండూ మీరు తోలిచ్చిన ఠాణలనే ఉన్నయంట."