గులాబీ బొమ్మవాడు

"దీనికి దాపరికం ఎక్కువ" అని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఫోన్ బోర్లించి పెడతానట, పిలిస్తే ఉలిక్కిపడతానట. నాది దాపరికం కాదు, భయం.

ప్రొఫైల్‌కి గులాబీ బొమ్మ పెట్టుకున్నవాడెవడో నాకు మెసేజీలు పంపుతున్నాడు. "పచ్చ డ్రెస్సు నీకు బాగుంది." "దగ్గు తగ్గిందా?" బ్లాక్ చేస్తే ఇంకో పేరుతో, అదే గులాబీతో వస్తాడు. నా దగ్గు సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. కిటికీలన్నీ మూసి, మంచం కింద చూసుకుని మరీ పడుకుంటున్నాను.

ఇవాళ అమ్మ తన ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది. "ఇదేంటో కదలనంటోందే, కాస్త చూడు."

తెర మీద పచ్చ డ్రెస్సులో నా ఫొటో, అమ్మే పెట్టింది. దాని కింద అదే గులాబీ. "అక్కా, పాప ఎలా ఉంది?"

"ఎవరమ్మా ఇతను?"

"ఏమో! పాపం, రోజూ పలకరిస్తాడు. నోరారా అక్కా అన్నవాడికి జవాబివ్వకపోతే ఏం మర్యాద? నీలా ముంగిలా కూర్చోవాలా?"

అమ్మ ఇచ్చిన జవాబు చదివాను. "రేపు ఆరింటి బస్సుకి ఇంటర్వ్యూకి వెళ్తోంది తమ్ముడూ. ఒక్కతే."

దానికి వాడు దండం బొమ్మ పెట్టాడు.

వాణ్ణి తీసేసినా లాభం లేదు. ఇంకో పేరుతో వచ్చి అక్కా అంటాడు, అమ్మ పలుకుతుంది.

ఆ బస్సు నేనెక్కను. ఏ బస్సెక్కుతానో అమ్మకు చెప్పను.