రేవు బందు

ఈదమ్మ ఒక కాలు పడవలో పెట్టి ఆగింది.

"ఇంజన్ ఉన్నది గదయ్యా. తెరచాప ఎందుకు గడుతున్నవ్?"

"ఖరాబైందక్కా. ఎక్కు."

పడవవాడికి యాభై దాటినట్టున్నాయి. పొద్దున ఆరింటికి కృష్ణ వెనక జలాల రేవులో ఒక్కడే కనిపించాడు. అవతలి ఒడ్డుకు దించుతావా అని యోహాను అడిగితే తలూపాడు. పేరు వీళ్లు అడగలేదు, అతను చెప్పలేదు.

యోహాను ముందు ఎక్కి చెయ్యి అందించాడు. పెండ్లయి నాలుగు రోజులు. పరాయి మనిషి ముందు ఈదమ్మ ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. ఆయనకు అరవై మూడు, ఆమెకు యాభై ఎనిమిది.

యూరియా సంచులు కుట్టి చేసిన తెరచాప గాలికి నిండింది.

అవతలి ఒడ్డు ఆంధ్ర. అక్కడ పిల్లల హాస్టల్లో ఆమెకు వంటపని, ఆయనకు కావలి పని, ఇద్దరికీ ఒక గది. ఇవాళ చేరకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారు. సాగర్ మీదుగా బస్సులో పోదామంటే వీళ్లను ఆపాలని ఆమె కొడుకు దివాకర్ దేవరకొండ బస్టాండులో కాపు కూర్చున్నాడు. తల్లి మళ్లీ పెండ్లి చేసుకుంటే ఊళ్లో తలెత్తుకోలేనని అతని బాధ.

"గీ వయసుల పెండ్లేందక్కా?" పడవవాడు అడిగాడు.

"నువ్వు గూడ అడుగుతున్నవా? మా ఇంట్ల ఏడుగురం. తిన్నవా అని నన్ను అడిగేటోడు ఈయనొక్కడే. ఈయన మా ఇంటోడు గూడ కాదు, ఎన్క వాడకట్టోడు."

"అడిగిన పాపానికి చేస్కున్న," అన్నాడు యోహాను.

పడవవాడు నవ్వాడు.

"రేవు బందు గదా," ఈదమ్మ అంది. "నువ్వెట్ల తీసినవ్?"

"తీసిన."

"దశరథం పడవలు బందు వెట్టిండంట. పడవలోళ్ల సంఘానికి పెద్దంట. మా అమ్మను ఎక్కియ్యొద్దని నా కొడుకు అడిగితే సరేనని మాటిచ్చిండంట. గాయన నోట్ల మన్నువడ."

"మొండోడేలే."

"మొండోడు గాదు, పిరికోడు. ఈ రేవు చేపలన్ని మా దివాకరే కొంటడు. గా భయం."

"నూరు పొయ్యిలున్నయక్కా ఆ ఒడ్డు మీద. మీవోడు కొనకుంటే ఒక్కటి అంటుకోదు. తలూపక ఏం జేస్తడు?"

"నువ్వు ఆయన దిక్కా?"

"నేనెవరి దిక్కు గాను. తిట్టు, నేనేం వద్దంటలే."

"ఆలి లేదా గాయనకు?"

"పోయింది. మూడేండ్లాయె."

"గట్ల జెప్పు. తిన్నవా అని అడిగేటోళ్లు లేరు. మంది బాధ ఎట్ల తెలుస్తది?"

పడవవాడు తాడు సవరించాడు.

నది నడుమకు చేరాక పడవ మళ్లింది. ముక్కు, ఎక్కిన ఒడ్డు వైపే తిరిగింది. ఒడ్డు మీద ఒక వ్యాను వచ్చి ఆగడం ఈదమ్మ చూసింది. దివాకర్ చేపల వ్యాను.

"ఏమయ్యో, మనల్ని పట్టిస్తున్నడు."

యోహాను లేచి నిలబడ్డాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది.

"కూసో బావా. మునుగుతం."

"ఎటు తీస్కపోతున్నవ్?"

"గాలి కొండసందుల కెల్లి వస్తాంది. జర ఎన్కకు వోయి అందుకోవాలె. నమ్మితే కూసో. నమ్మకుంటే తెడ్డు నువ్వు వట్టు."

యోహాను కూర్చున్నాడు. ఈదమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఒడ్డు దగ్గరవుతూ ఉంది. వ్యాను దిగిన మనుషులు ఇద్దరని లెక్కపెట్టగలిగింది.

అప్పుడు పడవ నీళ్ల మధ్య ఉన్న గుట్ట చాటుకు పోయింది. వ్యాను కనిపించకుండా పోయింది. తెరచాప ఒక్కసారి నిండింది.

యోహాను ఇంజన్ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది.

"ఖరాబైందంటివి?"

"అంటి. దీని సప్పుడు ఆ ఒడ్డుకు ఇనవడుతది బావా."

గాలికి తాడు అతని చేతిలోంచి జారింది. గట్టిగా పట్టేసరికి అరచేతి తోలు లేచింది.

"చాన దినాలైంది తాడు వట్టక," అన్నాడు.

ఈదమ్మ కొంగు అంచు చింపి కట్టు కట్టింది. సద్దిమూటలోని జొన్నరొట్టె తుంచి రెండో చేతిలో పెట్టింది.

"నిన్ను అనుమానపడితి. మనసుల వెట్టుకోకు తమ్మీ."

"నన్నేమన్నవక్కా? తిట్టింది దశరథాన్ని గదా."

అవతలి ఒడ్డున అతను దిగలేదు. మూట అందించాడు. కిరాయి ఇయ్యబోతే, మళ్లీ వచ్చినప్పుడు చూద్దామని తెడ్డుతో నేలను నెట్టి వెనక్కి తిరిగాడు.

ఇసుక మీద ఒకామె చేపలు ఆరబెడుతోంది. పేరు అండాలు. పుట్టిల్లు వీళ్లు పడవెక్కిన రేవే.

"యాడికెల్లి వచ్చిన్రు పెద్దమ్మా?"

"ఆ ఒడ్డు కెల్లి."

"ఇయ్యాల అక్కడ పడవలు కదలయ్ గదా. ఎవలన్న తీస్తే ఆ పడవ గుంజుకుంటనని దశరథం అందరి ముంగట చెప్పిండంట. మా తమ్ముడు ఫోన్ జేసిండు."

ఈదమ్మ నీళ్ల వైపు చూపింది.

"గాయన తీసిండు. మా మూలాన పడవ పోతదేమో బిడ్డా. పేరన్న అడగకపోతిమి. దశరథం కాళ్లన్న మొక్కి చెప్పుకుంట, ఆయన్ని ఏమనొద్దని. ఎవలాయన?"

అండాలు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. తెరచాప కింద కూర్చున్న మనిషిని చాలాసేపు చూసింది.

"ఇగ ఆయన పడవ ఆయనే గుంజుకోవాలె పెద్దమ్మా," అంది, "గాయనే దశరథం."